వయసు మీఱిన ఆటగానికి కొలువు



వయసు మీఱిన హాకీ ఆటగాండ్రకు ఏ కొలువు దొరకును, ఎంతకాలము దొరకును అను విషయమును గూర్చి నేడు మీకు నాలుగు మాటలు మనవి చేసెదను. ఇది విని మీలో కొందఱు నవ్వుకొందురేమో. ఖిల్లా ఘణపురము కోట నీడను కూర్చుండి, జన్మలో హాకీ కఱ్ఱ పట్టి యెఱుగని తెలుగు పండితుడు ఆటగాండ్ర ఉద్యోగముల మాట యెత్తుట యేమని అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. నేను బడిలో వ్యాకరణమును పద్యమును చెప్పి, విరామ వేతనము పుచ్చుకొని, ఇంట కూర్చున్నవాడను. అయినను దేహశక్తిని అమ్ముకొని బ్రదుకువానికి ఆ శక్తి తగ్గిన నాడు గతి యేమి యను ప్రశ్న ఆటస్థలమునకు మాత్రమే చెందినది గాదు. మన పాలమూరు సీమ పెద్దలకు ఆ ప్రశ్న తెలిసినంతగా మఱెవరికి తెలియును?

గుంపు మేస్త్రి బయానా పైకము మూటగట్టుకొని గ్రామమునకు వచ్చినప్పుడు ఎవరి గడప త్రొక్కును? పడుచు దంపతులున్న యింటి గడప త్రొక్కును. ప్రొద్దంతయు గడ్డపార వేయగల మగవాడు, తట్ట మోయగల ఇల్లాలు, ఈ జంటకే బయానా. అదే మేస్త్రి వెంట ఇరువది యేండ్లు ఊరూర తిరిగి, ఆనకట్టలకు మన్ను మోసి, కాలువలు త్రవ్విన మనిషికి నలువదియైదేండ్లు వచ్చునప్పటికి, "ఈ యేడు నీవు ఇంటికాడ ఉండరాదా, పెద్దాయనా" అను మాట వినబడును. ఆ మాటలో కోపము లేదు, ద్వేషము లేదు. లెక్క మాత్రము కలదు. హాకీ ఆటగానికి ఆ మాట ముప్పదియేండ్లు దాటిన వెంటనే వినబడును.

ఆ యాట యెట్టిదో ముందు చెప్పవలయును. కొన వంగిన కఱ్ఱతో చిన్న బంతిని కొట్టుచు, తోడివారికి అందించుచు, ఎదుటి పక్షము వారి గవినిలోనికి చొప్పించుట హాకీ. మన పిల్లల చిఱ్ఱగోనెవలె కంటికిని చేతికిని పని కలిగినదే గాని, కాళ్లకు అంతకు పదింతల పని. పక్షమునకు 11 మంది. 15 నిమిషముల భాగములు 4. పూర్వము పచ్చిక నేలపై ఆడెడివారు. 1976వ సంవత్సరమున మాంట్రియాల్ నగరమందలి ఒలింపిక్సు మొదలుకొని పచ్చికకు మాఱుగా కృత్రిమమైన తివాసి వచ్చినది. దానిపై బంతి వేగము హెచ్చినది. బంతితోపాటు మనిషియు వేగముగా పరుగెత్తవలసి వచ్చినది. మోకాలు, నడుము, పిక్క నరము త్వరగా అరుగుచున్నవి. న్యాయవాది నలువదవ యేట పేరు సంపాదించును. వైద్యుడు ఏబదవ యేట చేయి తిరిగినవాడగును. ఆటగాడో ముప్పదియైదవ యేట వృద్ధుడు. ఆ పిమ్మట వానికి బ్రదుకవలసిన సంవత్సరములు నలువది మిగిలియుండును.

మన దేశమున ఈ చిక్కునకు పూర్వులు ఒక విరుగుడు కనిపెట్టిరి. అది జీతపు కొలువు. ధ్యాన్‌చంద్ నామము వినని హాకీ ప్రియుడుండడు. ఆయన 1922లో సిపాయిగా సైన్యమున చేరెను. 1928, 1932, 1936 సంవత్సరముల ఒలింపిక్సులలో మన దేశమునకు మూడు బంగారు పతకములు వచ్చుటకు కారకుడయ్యెను. ఆట కొఱకు ఆయనను సైన్యము వేలములో కొనలేదు. సైనికుడుగా ఉంచుకొనెను, ఆడనిచ్చెను. ఆట తగ్గిన పిమ్మటను పదవిలో నిలిపెను. 1956లో మేజరు హోదాతో విరమించునాటికి ఆయనకు ఏబది యేండ్లు దాటినవి. తరువాత పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో శిక్షకుడుగా ఉండెను. 1979 డిసెంబరు 3వ తేదీని పరమపదించెను. ఐశ్వర్యవంతుడుగా మరణించెనని చెప్పజాలను. కాని ఆట చాలించిన మఱునాడే నడివీధిని నిలువవలసిన దుస్థితి ఆయనకు కలుగలేదు.

సైన్యమువలెనే రైల్వేలు, పోలీసు శాఖలు, విమాన సంస్థలు, చమురు సంస్థలు, బ్యాంకులు హాకీ పక్షములను పోషించినవి. మన హైదరాబాదు వాడగు ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 సంవత్సరములలో వరుసగా మూడు ఒలింపిక్సులకు వెళ్లిన ఆటగాడు; ఆయన ఆడినది ఇండియన్ ఎయిర్‌లైన్స్ పక్షమున. ఈ పద్ధతిలో ఆటగానికి వచ్చెడి ధనము స్వల్పము. అయినను ప్రతి నెల వచ్చును. కాలు విరిగిన నెలయందును వచ్చును. కఱ్ఱ విడిచిన పిమ్మట బల్లవద్ద కూర్చుండి వ్రాతపని చేసినను వచ్చును. ఒక్కమాటలో చెప్పవలసినచో, ఆ సంస్థలు మనిషిని కొలువునకు గొనినవి; అతని కాళ్లు మనిషితోపాటు వచ్చినవి.

ఈ తలుపు నేటికిని తెఱచియే యున్నది, కాని దానికి వయసు గడియ కలదు. రైల్వేవారి క్రీడా కోటా ప్రకటనలను చూడుడు. సాధారణముగా 18 మొదలు 25 ఏండ్ల లోపు వారికే ప్రవేశము. ఇరువదియేండ్ల ప్రాయమున ఆ తలుపు తట్టనివాడు ముప్పదిమూడవ యేట తట్టినను అది తెఱచుకొనదు. మఱియొక సంగతి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థ ఎయిర్ ఇండియాలో కలిసిపోయినది. ఆ ఎయిర్ ఇండియాయు 2022 జనవరిలో టాటా వారి పరమయ్యెను. పెద్ద చెట్లనుకొన్నవి కూడ చోటు మాఱుచుండును. కావున నీడనిచ్చు చెట్టు ఎప్పటికిని ఉండునని నమ్మి ఎండలో బయలుదేరరాదు.

ఇక రెండవ పద్ధతి వేలము. ధనవంతులు పక్షములను స్థాపించి, ఆటగాండ్రను వేలములో పాడుకొని, కొలది వారములు ఆడించి, పైకమిచ్చి పంపుదురు. హాకీలో ఇట్టి ప్రయత్నము 2005లో ప్రీమియర్ హాకీ లీగు అను పేర మొదలయ్యెను. ఆ తొలి యేట గెలిచినది మన హైదరాబాద్ సుల్తాన్స్ పక్షమే. 2008తో ఆ లీగు ముగిసెను. 2012లో వేఱొక లీగు పుట్టి ఒక్క యేటితో ఆగిపోయెను. 2013లో హాకీ ఇండియా లీగు మొదలై 2017 వఱకు సాగి నిలిచిపోయెను. మరల 2024 డిసెంబరు 28న గాని ఆట మొదలు కాలేదు. ఈ నడుమ గడచిన యేడేండ్లను తలచుకొనుడు. లీగు ఆగినప్పుడు ఇరువదియేడేండ్లవాడు, మరల మొదలైనప్పుడు ముప్పదినాలుగేండ్లవాడు. వాని పంట చేతికి వచ్చు కాలమంతయు కఱవు కాలమయ్యెను. చెఱువు నిండిన నాటికి విత్తనము చచ్చినట్లు.

2024 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన వేలమున పురుషుల పక్షములు 8. ఒక్కొక్క పక్షమునకు 24 మంది. ఒక్కొక్క పక్షము వెచ్చింపదగిన మొత్తము 4 కోట్ల రూపాయలు. అందఱికంటె ఎక్కువ ధర, 78 లక్షలు, భారత నాయకుడగు హర్మన్‌ప్రీత్ సింగునకు పలికినది. పత్రికలు ఆ 78 లక్షలను పెద్ద అక్షరములతో అచ్చువేసినవి. కాని వేలమున మొదటి మెట్లు 2 లక్షలు, 5 లక్షలు, 10 లక్షలు. పేరు లేని ఆటగాడు నిలుచునది క్రింది మెట్టుననే.

"ఇరువదియేండ్లకే లక్షలు చేతబడుచున్నవి గదా, దాచుకొనరాదా?" అని యొక పెద్దమనిషి నన్నడిగెను. బడిపంతులును గనుక లెక్క వేసి చూపితిని. రెండు లక్షల ధరకు అయిదేండ్లు ఆడినవానికి వచ్చినది 10 లక్షలు. దాని నంతయు ముట్టకుండ దాచెననియే అనుకొందము. ముప్పదవ యేట ఆట విడిచి అఱువదవ యేటి వఱకు దానిపై బ్రదుకవలసినచో నెలలు 360. వడ్డీ మాట విడిచినచో నెలకు 2,800 రూపాయలైనను పడదు. దానితో ఇల్లు నడచునా? ఆ యాటయో, ఏడాదికి అయిదు వారములు. తక్కిన నలువదియేడు వారములు వాడు ఎవని కొలువులోను లేడు.

వేలమున వయసు మీఱినవారి ధర ఎట్లు దిగజారునో చూడవలెనన్న మన చెడుగుడు చాలును. తెలుగు టైటాన్స్ పక్షమున పేరుగాంచిన రాహుల్ చౌదరిని మీ మనుమలు ఎఱుగుదురు. 2018 వేలమున ఆయన ధర ఒక కోటి 29 లక్షలు. 2019లో మఱియొక పక్షమున 94 లక్షలు. 2021లో 40 లక్షలు. 2022లో 10 లక్షలు. ఆ నాటికి ఆయనకు ముప్పదియేండ్లైనను నిండలేదు. ఎదుటి గిరిలోనికి చొచ్చి, తాకి, మెఱుపువలె మరలివచ్చు వేగమునకు కట్టిన ధర అది. వేగము వెలితిపడిన కొలది ధరయు పడినది. అందులో ఎవరి తప్పును లేదు. సంతలో ఎద్దు పండ్లు చూచి వెల కట్టుట వంటిది.

అయితే ఇందులో ఒక సూక్ష్మము కలదు. వయసుతో అన్ని విద్యలును సమానముగా తగ్గవు. హాకీలో పెనాల్టీ కార్నరు అనునది యొకటి కలదు. ఎదుటివారు తమ గవిని చెంత తప్పు చేసినప్పుడు దొరకు అవకాశమది. బంతిని కఱ్ఱకు ఆనించి, నేలమీదుగా ఈడ్చి, ఒడిసెల రాయివలె విసరువాడు అందులో ప్రధానుడు. దానికి కాళ్ల పరుగు కంటె నడుము ఒడుపు, మణికట్టు నేర్పు ముఖ్యములు. గొంజాలో పెయ్యా అను ఆటగాడు 2016లో అర్జెంటీనా పక్షమున ఒలింపిక్సు బంగారు పతకమును, 2023లో జర్మనీ పక్షమున ప్రపంచ కప్పును గెలిచినవాడు. ఈ విద్యలో దిట్ట. 2024 వేలమున ఆయనకు 32 ఏండ్లు. అయినను మన హైదరాబాద్ తూఫాన్స్ వారు 68 లక్షలకు పాడుకొనిరి. అట్లే రూపిందర్‌పాల్ సింగు 2021లోనే దేశము తరపున ఆడుట చాలించినవాడు. 2025 ఫిబ్రవరి 1న రౌర్కెలాలో జరిగిన తుదిపోటీలో హైదరాబాదు పక్షము నోడించిన బెంగాలు పక్షమునకు ఆయనయే నాయకుడు. అప్పటికి 34 ఏండ్లు.

గవిని కాచువాని సంగతియు అంతే. కేరళమునకు చెందిన శ్రీజేశ్ 2024 పారిస్ ఒలింపిక్సున కంచు పతకము గెలిచి, ఆట విరమించునాటికి 36 ఏండ్లవాడు. గోలు కాపరి పరుగెత్తుట తక్కువ, పసిగట్టుట ఎక్కువ. ఎదుటివాని భుజము ఏ వంకకు వ్రాలునో చూచి బంతి ఏ వంకకు వచ్చునో చెప్పగలుగుటకు ఏండ్లు పట్టును. విరమించిన వెంటనే ఆయనకు భారత యువజన పక్షమునకు శిక్షకత్వము లభించినది. కాళ్లు ఇచ్చినది కాలము తీసికొనును; కన్ను నేర్చినది అంత త్వరగా తీసికొనదు.

దూరదేశములలో మంచుమీద ఆడు హాకీ వేఱొకటి కలదు. అమెరికా, కెనడా దేశములలో అది కోట్ల డాలర్ల వ్యాపారము. పాత ఒప్పందము ముగిసి, ఎవరి పక్షమునకైనను ఆడుటకు హక్కు గలవానిని అక్కడ ఫ్రీ ఏజెంటు అందురు, అనగా స్వతంత్రుడు. ఇరువదియేడేండ్ల వానికి ఆ స్వాతంత్ర్యము వరము. పది పక్షములు వాని వాకిట నిలుచును. ముప్పదియెనిమిదేండ్ల వానికి అదే స్వాతంత్ర్యము ఏకాకితనము. వాడే పది వాకిళ్ల నిలువవలయును. అచ్చటి లీగు ప్రతి పక్షమును ఏటేట ఇచ్చు జీతముల మొత్తమునకు ఒక హద్దు విధించినది. ముప్పదియైదేండ్లు నిండినవానితో పలు సంవత్సరముల ఒప్పందము చేసికొని, వాడు నడుమ విరమించినచో, వాని జీతము ఆ హద్దులో లెక్కకు వచ్చుచునే యుండును. కావున యజమానులు వెనుదీయుదురు. ఒక్క యేటి ఒప్పందము, కొలది మూలవేతనము, ఆడిన ఆటలను బట్టి అదనపు పైకము. వయసు మీఱినవానికి దొరకునది సామాన్యముగా ఇదియే. కొందఱు ఒప్పందమైనను లేకుండ శిక్షణ శిబిరమునకు పోయి, "నన్ను పరీక్షించి చూడుడు" అని నిలుచుటయు కలదు. కొడుకు వయసు పిల్లలతో పోటీపడి, కొలువు దొరకునో లేదో యని కాచుకొనుట ఎంత బరువైన పనియో ఆలోచింపుడు.

చెక్ దేశీయుడగు యారొమీర్ యాగర్ ఆ లీగు చరిత్రలో మొత్తము పాయింట్ల లెక్కన రెండవవాడు. అంతటివానికిని 2017 వేసవియంతయు ఒప్పందము దొరకలేదు. 45వ యేట, అక్టోబరు నెలలో, కాల్గరీ పక్షమువారు ఒక్క యేటికి కుదుర్చుకొనిరి. గాయములు బాధింపగా జనవరిలోనే ఆయన తన జన్మస్థలమగు క్లాడ్నో పక్షమునకు మరలెను. ఆ పక్షమునకు యజమానియు ఆయనయే గనుక ఏబదియేండ్లు దాటియు ఆడగలిగెను. తన పొలము తనకున్నవానిని ఎవడు మాన్పగలడు? గోర్డీ హౌ అను మహానుభావుడు 1979-80లో 51 ఏండ్లు దాటినవాడై 80 ఆటలు ఆడెను. ఇట్టివారు కోటికొక్కరు. వీరిని చూచి లోకరీతిని నిర్ణయింపరాదు.

లోకరీతికి దగ్గఱగా నున్నవాడు కోరీ పెర్రీ. 2019లో పాత పక్షమువారు ఒప్పందమును రద్దుచేసి పంపివేసిరి. అది మొదలు ఏడాదికో రెండేడులకో కుదురుచు, ఊరు మాఱుచు, 2020, 2021, 2022, 2024, 2025 సంవత్సరములలో నాలుగు వేఱు పక్షములతో అయిదు మాఱులు తుదిపోటీకి చేరెను. అయిదు మాఱులును ఓటమియే. అయినను 2025 జూలైలో, నలువది యేండ్ల వయసున, లాస్ ఏంజిల్స్ వారు ఆయనను పిలిచి ఒక యేటికి కుదుర్చుకొనిరి. ఏల? అంత దూరము దారి నడచి వచ్చినవాడు పడుచువారికి ఆ దారి చూపును గనుక. రథమును లాగువాడుగా గాక, దారి తెలిసినవాడుగా వానికి వెల కట్టిరి.

ఇది మన పురాణములకు క్రొత్త గాదు. సీత జాడ వెదకుచు వానరులు సముద్రతీరమున కూర్చుండిరి. నూఱు యోజనముల కడలి. ఎవడెంత దాటగలడో చెప్పుకొనిరి. జాంబవంతుని వంతు వచ్చినది. పడుచుదనమున త్రివిక్రముని చుట్టు ప్రదక్షిణము చేసినవాడాయన. ఇప్పుడు వృద్ధుడను, తొంబది యోజనములు మాత్రము పోగలనని యొప్పుకొనెను. పది యోజనముల వెలితి. వేలము పాడువాడు అచ్చట నుండినచో ఆ పది యోజనములను చూచి జాంబవంతుని ఇంటికి పంపివేసియుండును. కాని దూరముగా మౌనముగా కూర్చున్న ఆంజనేయుని చెంతకు పోయి, వాని బలమును వానికి తెలియజెప్పినది ఆ వృద్ధుడే. ఆ తొంబది యోజనములు లెక్కకు రాలేదు. ఆ నాలుగు మాటలు లంకకు దారి తీసినవి.

మన మట్టిపనిలోను ఇదియే సత్యము. గడ్డపార వేయలేని వృద్ధుడు నేల రంగు చూచి, "ఇచ్చట రెండు మూరల లోతున రాయి తగులును, ప్రక్కకు జరిగి త్రవ్వుడు" అని చెప్పగలడు. ఆ మాట పది మంది పనిదినములను కాపాడును. ఆ మాట వినువాడున్న గుంపులో వృద్ధునకు కూలి దొరకును. లేని గుంపులో దొరకదు.

ఇంతవఱకు విని, ఆటగాండ్రందఱును శిక్షకులైనచో సరిపోయెనని మీరనవచ్చును. అది అంత సులభము గాదు. 2024 వేలమున ఎనిమిది పక్షములలో ఆటగాండ్రు 192 మంది. శిక్షకులు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ప్రధాన శిక్షకులలో పలువురు విదేశీయులు. మఱియు ఆడగలుగుట వేఱు, చెప్పగలుగుట వేఱు. గొప్ప కవి గొప్ప గురువు కావలెనను నియమము లేదు. శిక్షకత్వమునకు పటియాలాలో 1961లో స్థాపించిన జాతీయ క్రీడా సంస్థవారి డిప్లొమా వంటి అర్హత కావలయును. బడిలో వ్యాయామోపాధ్యాయుడు కావలెనన్న అందుకు తగిన చదువు కావలయును. ఆట కొఱకు చదువు మానినవానికి ఆ రెండును దూరములే.

ఇక్కడ నా శిష్యుని మాట యొకటి చెప్పక తీఱదు. పేరు చెప్పను. పదవ తరగతిలో పద్యము అప్పజెప్పమన్నచో తడబడువాడు. మైదానమున మాత్రము లేడిపిల్ల. ఒక వ్యాపార సంస్థ పక్షమున ఆడుటకు డిగ్రీ రెండవ యేట చదువు మాని పట్టణమునకు పోయెను. మూడేండ్లు బాగుగనే గడచినవి. నాలుగవ యేట మోకాలు బెణికినది. ఒప్పంద పత్రమున వైద్యపు ఖర్చుల మాటయే లేదు. ఆ యేడు మరల పిలుపు రాలేదు. ఇరువదితొమ్మిదేండ్ల వయసున, భార్యతో, చంటిబిడ్డతో ఊరు చేరెను. ఒకనాడు నా యింటికి వచ్చి, "సార్, నాకు ఆడుట తప్ప మఱేమియు రాదు" అనెను. నేను, "నీకు ఓడుట వచ్చును, కాచుట వచ్చును, వేకువను లేచుట వచ్చును, పదిమందిలో మెలగుట వచ్చును, ఇవి బడికి కావలసినవే. చదువొక్కటే కొఱత" అంటిని. మూడేండ్లు పొలము పనులు చేయుచునే విడిచిన డిగ్రీ ముగించెను. పిమ్మట బి.పి.ఇడి. చదివెను. నేడొక ప్రైవేటు బడిలో వ్యాయామము నేర్పుచున్నాడు. జీతము చాలదని వానికిని తెలియును, నాకును తెలియును. కాని బిడ్డ బడికి పోవుచున్నది. ఆ మూడేండ్ల చదువు ఇరువదవ యేటనే ముగిసియున్నచో ఆ యింట ఎన్ని కన్నీళ్లు తప్పియుండెడివి!

ప్రభుత్వము చేయునది లేకపోలేదు. దేశము తరపున పతకము గెలిచినవారికి, ఆట విడిచి, ముప్పది యేండ్లు నిండిన పిమ్మట కేంద్రము పింఛను ఇచ్చును. 2018లో హెచ్చించిన ప్రకారము ఒలింపిక్సు పతకము గెలిచినవానికి నెలకు 20,000 రూపాయలు. కాని జాతీయ పక్షమునకు ఎక్కని వేలాది ఆటగాండ్రకు అది వర్తింపదు. 2024 ఆగస్టు 29న, ధ్యాన్‌చంద్ జన్మదినమున, ఆట విరమించిన 20 మొదలు 50 ఏండ్ల వారికి క్రొత్త వృత్తులు నేర్పుటకు రీసెట్ అను పథకమును కేంద్రము ప్రారంభించినది. మన రాష్ట్రమున ప్రభుత్వోద్యోగములలో క్రీడాకారులకు 2 శాతము ప్రత్యేకింపబడినది. ఇవన్నియు మంచివే. కాని చదువు, ధ్రువపత్రములు చేతలేనివాడు వీనిని అందుకొనలేడు. పోటీలలో ఆడినట్లు ఇచ్చిన కాగితములను పెట్టెలో భద్రపఱుపక, చెదలకు విడిచినవారిని నేనెఱుగుదును.

కావున పెద్దలారా, మీ మనుమడు బాగుగ ఆడుచున్నాడని ఎవరైన వచ్చి పిలిచినప్పుడు సంతోషింపుడు. ఆటను నిందింపకుడు. ఆట దేహమునకు క్రమమును, మనసునకు ధైర్యమును ఇచ్చును. కాని బిడ్డను పంపుటకు ముందు, కోడెను కొనునప్పుడు ఎన్ని ప్రశ్నలడుగుదురో అన్ని ప్రశ్నలడుగుడు. ఈ పైకము ఎన్ని నెలలకు? గాయమైనచో వైద్యము ఎవరిది? వీని చదువు ఆగునా, సాగునా? ఈ మూటికి వ్రాతపూర్వకముగ సమాధానము కోరుడు. వానికి ఇరువదియైదేండ్లు నిండకమునుపే రైల్వేయో, పోలీసో, సైన్యమో, నెల జీతమిచ్చు కొలువునకు ప్రయత్నింపజేయుడు. ముప్పదియైదవ యేటి అన్నము ఇరువదవ యేటనే వండుకొనవలయును.

మఱియొక ధర్మము గ్రామమునకు కలదు. గెలిచి వచ్చిన పడుచువానికి మెడలో దండ వేసి, బండిపై ఊరేగింతుము. కుంటుచు వచ్చిన వయసుమీఱినవానిని చూచి, "వీని పని అయిపోయినది" అందుము. మన ప్రాథమిక పాఠశాలలలో వ్యాయామోపాధ్యాయుడు కానరాడు. సాయంకాలమున పిల్లలు ఎవరి పర్యవేక్షణయు లేక తిరుగుచుందురు. ఊరిలో పూర్వపు ఆటగాడొకడుండగా, పాఠశాల పెద్దలును గ్రామ పెద్దలును కలిసి, వానికి నెలకింత యని ఏర్పఱిచి, సాయంకాలము ఒక గంట పిల్లలను అప్పగింపరాదా? ఇది దానము గాదు. వాని యొద్దనున్న విద్యకు వెల. పిల్లలకు ఆట వచ్చును. వానికి అన్నము దొరకును. ఊరికి గౌరవము దక్కును. వేలమువాడు వాని కాళ్లకు వెల కట్టి విడిచినాడు. కంటికిని నోటికిని వెల కట్టవలసిన వారము మనము.

మనలో పెక్కండ్రము తొంబది యోజనముల వారమే. అంతకు మించి దుముకజాలము. కాని మన వాకిట మౌనముగా కూర్చున్న పిల్లవానికి వాని బలమును గుర్తుచేయుటకు మన మాట చాలును. ఆటలో అరిగిన మనిషికిని ఆ అవకాశము నిత్తుము గాక.